ఎస్‌జీపీటీ నార్మల్ వస్తే హెపటైటిస్ బి పోయినట్టేనా?

"ఎస్‌జీపీటీ 28 వచ్చిందండీ, ఇక భయం లేదు కదా?" ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు టెన్షన్. ఎస్‌జీపీటీ అంటే కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్; 28 అంటే నార్మలే. అదే కాగితంలో హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉందో లేదో చెప్పే పరీక్ష) ఎదురుగా పాజిటివ్ అని ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు.

కాలేయానికి సోకే ఈ హెపటైటిస్ బి నివురుగప్పిన నిప్పు. ఈ వీడియో అంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

ఆరు నెలలు దాటినా హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్‌గానే ఉంటే అది దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్. పెద్దయ్యాక సోకితే చాలామందికి దానంతటదే పోతుంది. పుట్టుకప్పుడు తల్లి నుంచి సోకితే మాత్రం సుమారు 90 శాతం మందిలో ఉండిపోతుంది. పసివాళ్ల రోగనిరోధక శక్తి ఆ నిప్పు జోలికి పోదు. రక్తంలో వైరస్ కోట్లలో ఉన్నా ఎస్‌జీపీటీ నార్మల్! ఎందుకంటే కాలేయం దెబ్బతినేది ముఖ్యంగా వైరస్ వల్ల కాదు, దాని మీద మన ఒళ్లు చేసే దాడి వల్ల.

ఏళ్లు గడిచాక, చాలామందికి వయసులోకి వచ్చాక, ఆ దాడి మొదలవుతుంది. ఆర్పుదామని నిప్పును కెలికితే రవ్వలు లేచి చుట్టుపక్కల అంటుకుంటుంది కదా, అలా కాలేయ కణాలు చస్తాయి. ఎస్‌జీపీటీ పెరుగుతుంది. కామెర్లు రావాలనేం లేదు, నొప్పీ ఉండదు. ఇలా ఏళ్ల తరబడి సాగితే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడుతుంది. అదే సిర్రోసిస్.

తర్వాత చాలామందిలో వైరస్ తగ్గుతుంది, ఎస్‌జీపీటీ దిగుతుంది. ఆ 28 ఇక్కడిదే కావచ్చు. ఇది నివురు. కింద నిప్పు అలాగే ఉంది: కాలేయ కణం కేంద్రకంలో వైరస్ గుండ్రటి డీఎన్‌ఏగా దాక్కుంటుంది. మామూలు రక్తపరీక్షకు అది దొరకదు.

గాలి ఎప్పుడు వీస్తుంది? వైరస్ రూపు మార్చుకున్నప్పుడు. రోగనిరోధక శక్తిని అణిచే కీమోథెరపీ, రిటుక్సిమాబ్ ఇంజెక్షన్, ఎక్కువ రోజుల స్టెరాయిడ్లు వాడినప్పుడు. అందుకే ఏ జబ్బుకు వెళ్లినా హెపటైటిస్ బి ఉందని డాక్టరుకు ముందే చెప్పండి, దయచేసి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. టెనోఫోవిర్, ఎంటెకావిర్ అనే మాత్రలు వైరస్‌ను అణిచి ఉంచుతాయి, నిప్పును తీసెయ్యలేవు. బాగుంది కదా అని మాత్రలు సొంతంగా ఆపితే మళ్లీ భగ్గుమంటుంది. సిర్రోసిస్ లేకపోయినా క్యాన్సర్ రావచ్చు; ముప్పు ఉన్నవాళ్లకు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తప్పనిసరి. హెచ్‌బీఎస్‌ఏజీ నెగటివ్ అయ్యేది ఏడాదికి నూటికి ఒకరికే, అటూ ఇటుగా.

ఇంట్లో గర్భిణి ఉంటే ఇవాళే హెచ్‌బీఎస్‌ఏజీ పరీక్ష చేయించండి. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు టీకా పడాలి. తల్లికి పాజిటివ్ అయితే బిడ్డకు ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) గురించి కాన్పుకు ముందే ఆసుపత్రిలో అడిగి పెట్టుకోండి.