ఆఖర్న వచ్చినోడికి మొదటి బంతి!

నెల్లూరోళ్లకి, ఒంగోలోళ్లకి ఒకటే మాట చెప్తా, వినండి. బాకీలు తీర్చడం పెళ్లి భోజనాల బంతి లాంటిది: కంపెనీ బాగున్నప్పుడు సరుకిచ్చినోడిది ఆఖరి బంతి. దివాలా కేసు పడ్డాక డబ్బిచ్చినోడిది మొదటి బంతి! నేను పుట్టించిన మాట గాదు, 2016 దివాలా చట్టం. కంపెనీని నిలబెట్టే ప్లాన్ కుదిరినా, మూసేసి ఆస్తులు అమ్మినా ముందు ఆ అప్పే తీర్చాల.

పోయిన వీడియోలో ఈ అప్పు సంగతి చెప్తే "మునిగిన ఫ్యాక్టరీకి మళ్లీ అప్పేందన్నా, దొంగల పని" అని తిట్లే తిట్లు. అబ్బయ్యా, దొంగతనం ఆడ లేదు. మొన్న కావలిలో మా చిన్నాయన కూతురి పెళ్లి. వంట సగంలో ఉండంగా గ్యాస్ అయిపోయింది. అప్పటికప్పుడు సిలిండర్ తెచ్చినోణ్ణి ముందు వరసలో కూర్చోబెట్టి విస్తరేశారు. బియ్యం అరువిచ్చిన కొట్టాయన గేటు కాడే నిలబడ్డాడు, పాపం. అయితే ఆ సిలిండర్ రాకపోతే ఎవరికీ మెతుకు లేదు గదా! దివాలా కేసు నడిచేటప్పుడు ఫ్యాక్టరీ ఆగకుండా తెచ్చే అట్టాంటి అప్పునే ఇంటెరిమ్ ఫైనాన్స్ అంటారు. జీతాలకి, కరెంటు బిల్లుకి, డీజిలుకి. అమెరికా దివాలా చట్టం చాప్టర్ 11లోనూ ఇదే తంతు.

నా కడుపుమంట వేరే. కంపెనీకి అప్పులిచ్చినోళ్ల కమిటీలో బ్యాంకులదే పెత్తనం, సరుకిచ్చినోడికి ఓటు లేదు. కమిటీ గీసిన గీత దాటి అప్పు తేవాలంటే 66 శాతం ఓట్లు పడాల. బ్యాంకోళ్లు జేబులో చెయ్యి పెట్టరు. మరి ఫ్యాక్టరీ ఎట్టా తిరగతది? చీమకుర్తి లారీ ఓనరు అరువు మీద! "లోడు పంపన్నా, పాత బాకీ కూడా చూస్తాంలే" అంటారు, మనోడు పంపేస్తాడు. వడ్డీ లేని ఇంటెరిమ్ ఫైనాన్స్ ఇస్తుండేది నువ్వే సామీ! ఇది నా థియరీ. కాదనేవాళ్లు రండి, తేల్చుకుందాం.

పాత బాకీయా? ఆస్తులు అమ్మేదాకా వస్తే గవర్నమెంటు బాకీల తర్వాత, మిగిల్తే. అదే ఎన్‌సీఎల్‌టీ, అంటే కంపెనీల కేసులు చూసే ట్రిబ్యునల్, కేసు అడ్మిట్ చేసిన తేదీ తర్వాత ఫ్యాక్టరీ నడపడానికి తీసుకున్న సరుకైతే, ఆ డబ్బు దివాలా ప్రాసెస్ ఖర్చు కింద లెక్క. అదీ మొదటి బంతే! ఈ ముక్క మనోళ్లకి ఒక్కడూ చెప్పడు.

330 రోజుల్లో తేల్చాలని చట్టం. తమ్మినపట్నం కరెంటు ప్లాంటు మీనాక్షి ఎనర్జీ 2019 నవంబరులో దివాలా ప్రక్రియకెక్కితే, వేదాంత చేతికి పోయేసరికి 2023. 1,440 కోట్ల బేరం! అన్నేళ్లు నీ లారీ ఫైనాన్స్ కిస్తీ ఆగతదా?

రేపు ఫోనొస్తే, దివాలా కేసులో కంపెనీని నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్ సంతకంతో ఆర్డరు కాగితం అడుగు. ఇయ్యలేదా, లారీ షెడ్డులోనే ఉండనీ.