లెక్కలో లేని మనిషిగా నిలబడండి

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో పనిచేస్తూనే అప్రెంటిస్‌షిప్ ద్వారా లెర్నింగ్ డిజేబిలిటీ నర్సు కావడం గురించి మాట్లాడుకుందాం.

ముందు ఒక మాట సరిచేసుకుందాం. మన ఊళ్లలో 'లెర్నింగ్ డిజేబిలిటీ' అంటే చదవడంలో, రాయడంలో తడబడే డిస్లెక్సియా పిల్లలు గుర్తొస్తారు. ఇంగ్లండ్‌లో ఆ అర్థం కాదు. మనం మేధో వైకల్యం అని దేన్నంటామో, సికింద్రాబాద్‌లో నీపిడ్ సంస్థ ఎవరికోసం పనిచేస్తుందో, ఇక్కడ దానికే ఈ పేరు. బ్రిటన్ నర్సింగ్‌లో నాలుగు శాఖలుంటే ఇది ఒకటి. మన జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్‌లో ఈ శాఖ విడిగా లేదు.

సపోర్ట్ వర్కర్‌గా, అంటే సంరక్షణ సహాయకులుగా ఉన్నవారికి రెండు దారులు. నేరుగా నర్సు డిగ్రీ అప్రెంటిస్‌షిప్, మామూలుగా నాలుగేళ్లు. లేదా ముందు రెండేళ్ల నర్సింగ్ అసోసియేట్ (సహాయకులకూ నర్సుకూ మధ్య ఉద్యోగం), ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో జీతం స్థాయి బ్యాండ్ 4. ఆ చదువును లెక్కలో వేయించుకుని తర్వాత డిగ్రీ, అప్పుడు బ్యాండ్ 5. ఇంటి బాధ్యతలున్నవారికి రెండోదే మేలని నా అభిప్రాయం. మధ్యలో ఆగాల్సి వచ్చినా చేతిలో ఒక రిజిస్ట్రేషన్ మిగులుతుంది.

ఇండియాలో ఇప్పటికే రిజిస్టరైన నర్సులకు సీబీటీ (కంప్యూటర్ పరీక్ష), ఓస్కీ (ప్రాక్టికల్ పరీక్ష) రాయడమే దగ్గరి దారి. మిగతావారు రెండు విషయాలు ముందే తేల్చుకోవాలి. ఒకటి వీసా: ప్రభుత్వ నిధులు రావాలంటే సాధారణంగా మూడేళ్లుగా ఇక్కడ నివాసం ఉండాలి, స్టూడెంట్ వీసా పనికిరాదు. రెండోది ఇంగ్లిషు, లెక్కలు: యూనివర్సిటీలు సాధారణంగా అడిగేది జీసీఎస్‌ఈ (ఇక్కడి పదో తరగతి లాంటిది) గ్రేడ్ 4 లేదా దానికి బదులుగా ఫంక్షనల్ స్కిల్స్ లెవెల్ 2. మన పదో తరగతి మార్కులు చెల్లుతాయో లేదో యూనివర్సిటీని మెయిల్‌లోనే అడగండి. నోటిమాట నమ్ముకోవద్దు.

ఫీజు మీరు కట్టక్కర్లేదు. యజమాని కట్టే అప్రెంటిస్‌షిప్ లెవీ, అంటే శిక్షణ పన్ను నుంచి వెళ్తుంది. అయితే ఆ లెవీ సొమ్ముతో మీ జీతం ఇవ్వకూడదు, మీ బదులు డ్యూటీకి వచ్చేవారికీ ఇవ్వకూడదు. చిక్కంతా ఇక్కడే. మీరు లేని ప్రతి షిఫ్టూ మేనేజరుకు ఖర్చే.

ఇప్పుడు గంటల లెక్క చూడండి. బ్రిటన్ నర్సింగ్ కౌన్సిల్ ఎన్‌ఎంసీ అడిగేది 4,600 గంటలు: పాఠాలకు 2,300, ప్రాక్టీస్‌కు 2,300. వారానికి 37.5 గంటల చొప్పున ప్రాక్టీస్ ఒక్కటే 61 వారాలు దాటుతుంది. ఆ గంటల్లో మీరు సూపర్‌న్యూమరరీ, అంటే సిబ్బంది లెక్కలోకి రాని మనిషి. ఎవరో సిక్ ఫోన్ చేయగానే 'ఈ ఒక్కరోజు చూసుకో' అంటారు. మొహమాటపడి ఒప్పుకున్నారా, ఆ గంటలు చెల్లవు. చివర్లో పూడ్చుకోవాలి, రిజిస్ట్రేషన్ తేదీ వెనక్కి జరుగుతుంది. అందుకే చేరకముందే ప్లేస్‌మెంట్ (ప్రాక్టీస్) వారాలు, మీ బదులు ఎవరు అన్నది కాగితం మీద పెట్టించుకోండి.

మందుల లెక్కల పరీక్షలో కోర్సు ముగిసేలోగా నూటికి నూరు రావాలి. ఉదాహరణకు వాల్‌ప్రోయేట్ ద్రవం 5 మి.లీ.లో 200 మి.గ్రా. ఉంటే, 300 మి.గ్రా. కావాలంటే 7.5 మి.లీ. లెక్క తేలికే, తప్పేది యూనిట్ల దగ్గర.

ఇక మీ ప్రాక్టీస్ రికార్డు, అంటే పోర్ట్‌ఫోలియో సంగతి. సూపర్‌వైజరు రోజూ చూసి రాస్తారు, పాసా కాదా తేల్చేది ప్రాక్టీస్ అసెసరు. నెలాఖరున సంతకాల కోసం పరుగెత్తితే సూపర్‌వైజరు సెలవులో ఉంటారు. ఆ షిఫ్టులోనే పెట్టించుకోండి.

'బాగా చూసుకున్నాను' అని రాస్తే ఏ అసెసరూ ఒప్పుకోరు. మాటలు రాని మనిషి ఉన్నట్టుండి తల బాదుకుంటున్నాడనుకోండి. 'అతని ప్రవర్తనే అంత' అని వదిలేయడాన్నే డయాగ్నస్టిక్ ఓవర్‌షాడోయింగ్ అంటారు. వైకల్యం నీడలో జబ్బు కనబడకుండా పోతుంది. మీరు చూడాల్సినవి: పన్ను, చెవి, మలబద్ధకం. స్టూల్ చార్టులో (మలవిసర్జన నమోదు పట్టికలో) చివరి ఎంట్రీ ఎన్నాళ్ల కిందటిది? బాధ సంకేతాలు గుర్తించే డిస్‌డాట్ ఫారంలో అతని మామూలు ముఖం ఎలా ఉంటుందని రాశారు, ఇవాళ్టిది ఎలా ఉంది? జీపీకి (ఫ్యామిలీ డాక్టరుకు) ఏ సమయంలో ఫోన్ చేశారు? వైద్య పరీక్షకు అతని సమ్మతి ఎలా తెలుసుకున్నారు, నిర్ణయం తీసుకునే సామర్థ్యం గురించిన 2005 మెంటల్ కెపాసిటీ చట్టం ప్రకారం ఏం నమోదు చేశారు? ఈ నాలుగూ తేదీలతో ఒక పేజీలో ఉంటే చాలు, అసెసరు పెన్ను తీస్తారు.