దేవుణ్ణి తెలుసుకోవాలంటే రోజూ ఏం చేయాలి?

అందరికీ వందనాలు. కార్లో ప్రసంగం, ఆదివారం ఆన్‌లైన్ ఆరాధన, పొద్దున్నే వాట్సాప్‌లో వాగ్దానం కార్డు. విదేశాల్లో ఉండే మనలో చాలామందికి వాక్యం అందేది ఇలాగే. ఇవి మంచివే, కానీ ఇంకొకరు వెతికి తెచ్చినవి. మనం వెతకడం ఇంకా మొదలే కాలేదు.

ఆ కార్డుల మీద తరచూ కనిపించే యిర్మీయా 29:11 తీసుకోండి, మీ విషయంలో నా ఉద్దేశాలు మేలుకే గాని హానికి కావు అని దేవుడు చెప్పే వచనం. ఈసారి అధ్యాయం మొత్తం తెరవండి. అది బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు రాసిన ఉత్తరం. పై వచనంలోనే 70 ఏళ్లు అని ఉంది, అంటే విన్నవాళ్లలో చాలామంది ఇక తిరిగి వెళ్లేది లేదు. 5లో దేవుడు అక్కడే ఇళ్లు కట్టుకోమన్నాడు, 7లో ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించమన్నాడు. 13లో, పూర్ణమనసుతో వెతికితే దొరుకుతానన్నాడు. కార్డు చూస్తే మనకేం వస్తుందో తెలుస్తుంది. ఆయన ఎలాంటివాడో తెలియాలంటే అధ్యాయం చదవాల్సిందే.

మొదలుపెట్టడానికి మార్కు సువార్త బాగుంటుంది, 16 అధ్యాయాలే. రోజుకొకటి, 20 నిమిషాలు చాలు: పది చదవడానికి, ఐదు రాయడానికి, ఐదు ప్రార్థనకు. బైబిల్ ఫోన్‌లోనే ఉంటే ఏరోప్లేన్ మోడ్ పెట్టేయండి, లేకపోతే ఆఫీసు మెసేజ్ గెలుస్తుంది. నోట్‌బుక్‌లో ఒక్క ప్రశ్నకే జవాబు రాయండి: ఇక్కడ దేవుడు దేనికి సంతోషించాడు, దేనికి బాధపడ్డాడు, దేన్ని సహించలేదు?

మార్కు 3:5 చూడండి. "యేసు దయగలవాడు" అని రాస్తే ఆ పేజీ తెరవకపోయినా రాయొచ్చు. "ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవాణ్ణి విశ్రాంతిదినాన బాగుచేస్తే తప్పుపట్టాలని మౌనంగా కూర్చున్నవాళ్ల మీద ఆయనకు కోపమొచ్చింది, వాళ్ల హృదయ కాఠిన్యానికి దుఃఖమూ కలిగింది" అని రాస్తే, ప్రార్థనలో మాట్లాడటానికి ఏదో ఒకటి ఉంటుంది. నా మనసు ఎక్కడ అలా బిగుసుకుపోయిందని అడగొచ్చు.

కాస్త అలవాటయ్యాక నిర్గమకాండము 34:6 పట్టుకుని రిఫరెన్సుల వెంట వెళ్లండి: కీర్తన 86:15, 103:8, యోవేలు 2:13, యోనా 4:2. కనికరం, దయ, దీర్ఘశాంతం, అన్నిటిలోనూ దేవుడి గుణాలు అవే. యోనా మాత్రం వాటినే ఫిర్యాదుగా చెప్పాడు!

బైబిల్ మొత్తం ఏడాదిలో చదవాలని మొదలుపెట్టి చాలామంది ఆగిపోయేది లేవీయకాండంలో. ఏడాదిలో 1189 అధ్యాయాలంటే రోజుకు మూడుకు పైనే. నాలుగు రోజులు తప్పితే 13 బాకీ పడతాయి, దాంతో పుస్తకమే మూసేస్తారు. బాకీ తీర్చకండి, ఈరోజుది చదవండి. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకొకటి చొప్పున సరిగ్గా 52 వారాలు.

ఇంకో ప్రమాదం, నోట్‌బుక్ నిండినా మనిషి మారకపోవడం. యిర్మీయా 22:16లో దేవుడు యూదా రాజు యోషీయా గురించి, అతను దీనుల పక్షాన న్యాయం తీర్చాడు, నన్ను తెలుసుకోవడమంటే అదే కదా అంటాడు. అందుకే వారానికోసారి ఒక లైను ఎంచుకుని, దాని పక్కన ఈ వారం ఎవరికి ఏం చేయాలో పేరుతో సహా రాయండి.