పది అయ్యాక ఎవర్ని అడగాల?

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్ కడప నుంచి. మా లెక్కల మేడం వచ్చారు. ఎర్రగుంట్ల వైపు ఒక గవర్నమెంటు హైస్కూల్లో పనిచేస్తారు. శనివారం బడి వదిలాక పాత విద్యార్థుల్ని పిలిపించి, ఇప్పుడు చదివే పిల్లల పక్కన కూర్చోబెడతారు. మేడం, ఇది ఎట్లా మొదలైంది?

మేడం: మొదట్లో మేమూ అందరిలాగే చేశాం పాపా. ఒక పెద్దాయన్ని పిలిచాం. మైకు, శాలువా, గంటసేపు ప్రసంగం. పిల్లలు చప్పట్లు బాగానే కొట్టారు. మర్నాడు క్లాసులో "పది అయ్యాక ఏం చేస్తార్రా?" అంటే సగం మంది ఎంపీసీ అన్నారు. మిగతావాళ్లు "మా నాయన్ని అడగాల మేడం" అన్నారు. ఆ నాయనకు తెలిస్తే కదా చెప్పేది!

హోస్ట్: మరి సీనియర్లు ఎప్పుడొచ్చారు?

మేడం: మా బడిలో చదివి పాలిటెక్నిక్‌లో చేరిన పిల్లోడు ఒకడు సెలవులకు ఊరొచ్చి, నన్ను చూసిపోదామని బడికొచ్చాడు. చేతిలో డ్రాయింగ్ షీటు, కొలతకు గీతలు గీసే మినీ డ్రాఫ్టర్. వరండాలో బల్ల మీద షీటు పరిచి, డ్రాఫ్టర్ బిగించి నాలుగు గీతలు గీశాడు. పిల్లలంతా మూగారు. వాళ్లలో ఒకడి నాయన బేల్దారి. ఎప్పుడూ నోరు విప్పడు. వాడు ముందుకొచ్చి డ్రాఫ్టర్ పట్టుకుని, "మేడం, మా నాయన మూలమట్టం లాగుందే!" అన్నాడు. ఇంక వాడికి సివిల్ బ్రాంచి అంటే ఏంటో నేను చెప్పే పని లేకపోయింది. ఆ సీనియర్‌ను వదల్లేదు. ఫీజు ఎంత, హాస్టల్లో అన్నం ఎట్లుంటుంది, ఇంగ్లీషు రాకపోతే నవ్వుతారా అని ఒకటే ప్రశ్నలు. శాలువా కప్పుకున్నాయన్ని అవి అడగగలరా చెప్పు?

హోస్ట్: అడగలేరు మేడం. దారులు కూడా ఒకసారి చెప్పండి, వినేవాళ్లలో పిల్లల తల్లిదండ్రులు ఉంటారు.

మేడం: పాలిటెక్నిక్‌లో చేరాలంటే పాలిసెట్ అనే ఎంట్రన్స్ రాయాల. అందులో 120 ప్రశ్నలు. లెక్కలు 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30. అన్నీ పదో తరగతి పాఠాలే. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ అని ఇంకో ఎంట్రన్స్ రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరం. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకైతే ఎంట్రన్సే లేదు, పదో తరగతి మార్కులే. గవర్నమెంటు బడి పిల్లలకు అదనంగా కొంత స్కోరు కలుపుతారు. 2008 నుంచి మన జిల్లాలోనే ఉంది. అయినా మా పిల్లల్లో చాలామంది అది మనకు కాదులే అనుకుంటారు. నాకు బాధ అక్కడే.

హోస్ట్: నా సంగతి ఒకటి చెప్పాలి. ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష రాశాను, వచ్చింది. ఏడాదికి 12,000. తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా నాలుగేళ్లు రావాలి. మొదటి ఏడాది పడింది. ప్రతి సంవత్సరం ఆన్‌లైన్లో రెన్యువల్ చేయాలని అప్పటి మా బడిలో ఎవరూ చెప్పలేదు. మాకూ తెలీదు. 36,000 పోయాయి. మా అమ్మ ఆ డబ్బు లెక్కలోనే నన్ను ఇంటర్ హాస్టల్లో చేర్చాలనుకుంది. చివరికి దగ్గర్లో ఉందని పాలిటెక్నిక్‌లో చేరాను.

మేడం: అందుకే నేను పదో తరగతి దాకా ఆగను. ఏడు అయిపోతూనే ఆధార్ కార్డులు తెమ్మంటాను. బడి రికార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటుంది. ఒక్క అక్షరం తేడా ఉన్నా తర్వాత స్కాలర్‌షిప్‌కు తిప్పలే. పోయిన వారం ఒక పాప కార్డులో ఇంటిపేరే లేదు. వాళ్ల జేజిని వెంటబెట్టుకుని ఆధార్ సెంటర్‌కు పోయొచ్చాం. పరీక్షకు చదివించడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే. రెన్యువల్ నెల వస్తే మా సీనియర్లు ఫోన్లు పట్టుకుని పిల్లల పక్కనే కూర్చుంటారు.

హోస్ట్: ఈ శనివారం నేనూ వస్తా మేడం. నా డ్రాఫ్టర్ ఇంట్లోనే ఉంది.

మేడం: రా పాపా. షీట్లు నాలుగు ఎక్కువే తే. టూ హెచ్ పెన్సిళ్లు కూడా, పిల్లల దగ్గర ఉండవు.