వేడి ఉంది, నీళ్ళు లేవు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా సంబోధించమని నిర్వాహకులు నాకో చీటీ రాసిచ్చారు. అందులో పదకొండు పేర్లున్నాయి. నాకిచ్చిన సమయం ఇరవై నిమిషాలు. పెద్దలు మన్నించాలి, ఆ చీటీ జేబులోనే ఉంటుంది.

భూమి లోపలి వేడితో కరెంటు తీయడం గురించి మాట్లాడమన్నారు. ఆహ్వానపత్రంలో నా ప్రసంగానికి ‘భూగర్భంలో అక్షయపాత్ర’ అని పేరు పెట్టారు. వినడానికి బాగుంది. కాకపోతే నేను ముప్పై ఏళ్ళు డ్రిల్లింగ్ రిగ్గుల మీద బతికిన మనిషిని. భూమిలోంచి ఏదైనా ఊరికే వచ్చేస్తుందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ గొడవకి తర్వాత వస్తాను.

ముందు ఈ రాయి. అమ్మా, మొదటి వరసలో కూర్చున్నావు గనక నీకే ఇస్తున్నాను. చూసి పక్కవాళ్ళకివ్వు. జాగ్రత్త, బరువుంటుంది. గుండ్రంగా, నున్నగా, రోకలి ముక్కలా ఉంది కదా? దాన్ని మేం కోర్ అంటాం. లోపల బోలుగా ఉండే బిట్‌తో రాతిని పొడి కాకుండా కడ్డీలా కోసి పైకి తీస్తే వచ్చేది అది. దాని మీద అడ్డంగా ఒక తెల్ల గీత ఉంది. ఆ గీతని గుర్తుపెట్టుకోండి.

ఇక విషయం. భూమిలోకి వెళ్ళేకొద్దీ వేడి పెరుగుతుంది, మామూలు నేలలో కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున. అగ్నిపర్వతాల దగ్గర అంతకన్నా చాలా వేగంగా. ఆ వేడిలో కొంత భూమి పుట్టిననాటిది, కొంత రాళ్ళలోని యురేనియం, థోరియం, పొటాషియం నుంచి ఇప్పటికీ పుడుతున్నది. ఎండ ఉందా, గాలి వీస్తోందా అని ఆకాశం వంక చూడక్కర్లేదు. రాత్రీ పగలూ కరెంటు తీయొచ్చు. ఇదంతా నిజమే, మీ పుస్తకాల్లో ఉన్నదే.

ఇటలీలోని లార్దెరెల్లోలో 1904 జూలై 4న పియెరో జినోరి కోంతి అనే ఆయన నేలలోంచి వచ్చే ఆవిరితో చిన్న ఇంజన్ తిప్పి, దానికి డైనమో తగిలించి ఐదు బల్బులు వెలిగించాడు. ఐదంటే ఐదే. 1913కల్లా అక్కడ 250 కిలోవాట్ల కేంద్రం నడిచింది. ఆ చోటి అదృష్టం ఏమిటంటే పైకి పొడి ఆవిరే వస్తుంది. చాలా చోట్ల వచ్చేది గట్టి ఒత్తిడిలో ఉన్న వేడినీళ్ళు. ఒత్తిడి తగ్గించగానే అందులో కొంత భాగం ఆవిరవుతుంది, దాంతో టర్బైన్ తిప్పుతారు. న్యూజిలాండ్‌లోని వైరాకేలో 1958లో మొదలుపెట్టింది ఈ పద్ధతే. నీళ్ళకి అంత వేడి కూడా లేదనుకోండి, ఆ వేడితో ఇంకా తక్కువ వేడికే మరిగే వేరే ద్రవాన్ని మరిగించి తిప్పుతారు. అలాస్కాలో చేనా వేడినీటి బుగ్గల దగ్గర 2006లో 74 డిగ్రీల నీళ్ళతోనే కరెంటు తీశారు. టీ కూడా సరిగ్గా కాగని వేడి అది!

మూడు పద్ధతులు చెప్పాను. మూడింటికీ ఏం కావాలి? చెప్పండి. వేడి అంటున్నారు. సరే, వేడి కావాలి. కానీ వేడి తనంతట తాను రెండు కిలోమీటర్లు నడిచి పైకి రాదు. దాన్ని మోసుకొచ్చేవి నీళ్ళు. ఆ నీళ్ళు కదలాలంటే రాళ్ళలో పగుళ్ళు ఉండాలి. వేడి, నీళ్ళు, పగుళ్ళు. ఈ మూడింటిలో వేడి గురించి మాట్లాడేవాళ్ళే ఎక్కువ.

రాయి ఎక్కడిదాకా వచ్చింది? మూడో వరసా? కానివ్వండి.

అక్షయపాత్ర అన్నారు కదా. కాలిఫోర్నియాలో ది గీజర్స్ అనే చోటు ఉంది. 1960లో 11 మెగావాట్లతో మొదలై భూమి వేడితో కరెంటు తీసే చోట్లలో ప్రపంచంలోకెల్లా పెద్ద క్షేత్రం అయింది. ఆవిరి వస్తోంది కదా అని కేంద్రం మీద కేంద్రం కట్టారు. 1980ల చివరికొచ్చేసరికి ఆవిరి ఒత్తిడి పడిపోయింది. కింద వేడి అలాగే ఉంది, అయిపోయింది నీళ్ళు. అప్పుడేం చేశారో తెలుసా? చుట్టుపక్కల ఊళ్ళ మురుగునీటిని శుద్ధి చేసి, మైళ్ళ తరబడి పైపులు వేసి భూమిలోకి పంపారు. 1997లో ఒక పైపులైను, 2003లో ఇంకొకటి. ఇప్పుడు ఆ నీళ్ళే ఆవిరై టర్బైన్లు తిప్పుతున్నాయి. పోయకుండా తోడుతూ పోతే ఏ పాత్రయినా ఖాళీ అవుతుంది.

ఇప్పుడు నా గొడవ. నిజానికి నేనిక్కడికి వచ్చింది దీనికోసమే.

నేను పనిచేసిన ఒక క్షేత్రంలో మొదటి బోరు వేశాం. గ్రానైటు. బిట్లు అరిగిపోయేవి. అరిగినప్పుడల్లా రాడ్లన్నీ ఒక్కొక్కటే పైకి లాగాలి, బిట్ మార్చి మళ్ళీ ఒక్కొక్కటే దింపాలి. ఒకసారి లాగి దింపడానికి ఒక రాత్రి. నెలల తరబడి అలా వేశాం. ఒకరోజు తెల్లవారుజామున ఉష్ణోగ్రత కొలిచే సాధనం దింపితే 200 దాటింది. మేం నలుగురం ఒకళ్ళనొకళ్ళం వాటేసుకున్నాం. వంటమనిషిని లేపి మరీ చెప్పాం!

వారం తర్వాత కంప్రెసర్‌తో గాలి పంపి బోరును లేపి, వాల్వు తెరిచాం. ముందు బురద వచ్చింది. తర్వాత ఈల వేసినట్టు ఆవిరి. ఐదు నిమిషాలు. ఆ ఈల సన్నబడి, సన్నబడి ఆగిపోయింది. మళ్ళీ గాలి పంపాం, మళ్ళీ అంతే. నాలుగు రోజులు అదే పని.

ఫైల్లో రెండు మాటలు రాశారు. ‘డ్రై. మూసివేయడమైనది.’ రిగ్గు వెళ్ళిపోయింది. మేం నెలల పాటు మీటరు మీటరుకీ రాసుకున్న లెక్కలు ఏమయ్యాయో తెలియదు. కోర్ పెట్టెలు షెడ్డు బయట పెట్టారు. రెండేళ్ళ తర్వాత వేరే పని మీద అటువైపు వెళ్తే, ఆ చెక్క పెట్టెలు పొయ్యిలోకి పోయాయి, రాళ్ళు వానలో కుప్పగా పడున్నాయి. ఆ కుప్పలోంచి తెచ్చుకున్న ముక్కే మీ చేతుల్లో తిరుగుతున్నది.

ఇప్పుడు ఆ తెల్ల గీత చూడండి. అది ఒకప్పటి పగులు. ఎప్పుడో అందులోంచి వేడినీళ్ళు పారాయి. పారుతూ పారుతూ తమలో కరిగిన సిలికాని అంచుల్లో వదిలాయి, చివరికి పగులు పూడిపోయింది. ఆ తెలుపు క్వార్ట్జ్. మా బోరు ఎందుకు ఎండిపోయిందో చెప్పే జవాబు మా పెట్టెల్లోనే ఉంది. అలాంటి పూడిన పగుళ్ళు ఏ లోతులో ఎన్ని, ఏ దిక్కుగా వాలాయో చూస్తే, పూడని పగుళ్ళు ఎటు ఉండొచ్చో వెతికే వీలుండేది. రెండో బోరు పక్కకి జరిపి వేసేవాళ్ళం. వేసే ఓపిక ఎవరికుంది?

ఓపిక ఉన్నవాళ్ళ సంగతి చెబుతాను. కెన్యాలో ఓల్కారియా. 1950ల్లో రెండు బోర్లు వేశారు, పనికొచ్చేటంత ఆవిరి రాలేదు. మాలాగే మూసేశారు. 1970ల్లో మళ్ళీ వచ్చారు. 1981లో మొదటి 15 మెగావాట్లు. ఇవాళ ఆ దేశపు కరెంటులో సగానికి దగ్గరగా భూమి వేడి నుంచే వస్తోంది. బోరు ఎండితే ఆ నష్టం ప్రైవేటు వాళ్ళ నెత్తిన పడకుండా ముందస్తు బోర్లు వేయడానికి 2008లో ప్రభుత్వమే ఒక కంపెనీ పెట్టింది.

ఐస్‌లాండ్‌లో క్రాఫ్లా దగ్గర 2009లో నాలుగు కిలోమీటర్లకు పైగా వెళ్దామని మొదలుపెడితే రెండు కిలోమీటర్ల దగ్గరే బిట్ కరిగిన శిలాద్రవంలోకి దిగింది. మన దగ్గరైతే సిమెంటు పోసి, ఎవరి తప్పో తేల్చడానికి కమిటీ వేసేవాళ్ళం. వాళ్ళు దాన్నే పరీక్షించారు. బోరు మూతి దగ్గరే 450 డిగ్రీల ఆవిరి! తర్వాత 2012లో వాల్వులు పాడై మూసేయాల్సి వచ్చింది, అదీ దాచలేదు. ఎక్కడ ఏం చెడిందో అన్నీ అచ్చువేశారు. ఇవాళ ప్రపంచంలో ఎవరైనా చదువుకోవచ్చు.

పగుళ్ళు లేకపోతే నీళ్ళు ఒత్తి మనమే చేసుకోవచ్చు కదా అని వెనక ఎవరో అంటున్నారు. చేస్తున్నారు. జాగ్రత్త తప్పితే ఏమవుతుందో కూడా చూశాం. 2006లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ఊరు కంపించి పథకమే ఆగిపోయింది. 2017లో దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో 5.4 తీవ్రతతో భూకంపం వచ్చి ఇళ్ళు దెబ్బతిన్నాయి, జనం గాయపడ్డారు. భూమి వేడి మంచిదని చెప్పేవాళ్ళం ఈ రెండు పేర్లు కూడా చెప్పాలి. చెప్పకపోతే రేపు జనం మనల్ని నమ్మరు.

గంట కొట్టారు, చూశాను. ఒక్క మాట. మీలో ఇంజనీరింగ్ చదివేవాళ్ళున్నారు, రేపు ఆఫీసుల్లో కూర్చుని ఫైళ్ళ మీద సంతకాలు పెట్టబోయేవాళ్ళున్నారు. ఎండిన బోరు లెక్కలు పారేయకండి. ఎంత లోతులో ఎంత వేడి, ఎక్కడ డ్రిల్లింగ్ మడ్, అంటే బోరు వేసేటప్పుడు లోపలికి పంపే బురదనీళ్ళు, పగుళ్ళలోకి ఇంకిపోయింది, ఏ రాయి, ఏ గీత, అన్నీ అందరూ చూసేచోట పెట్టించండి. డబ్బు ఎలాగూ పోయింది, కాగితమైనా మిగలాలి కదా.

ఆ రాయి ఇలా ఇవ్వు బాబూ. ఏమిటీ? ఏ లోతుదా? మంచి ప్రశ్న. లోతు రాసిన చీటీ పెట్టె మీద ఉండేది. పెట్టె పొయ్యిలోకి పోయిందన్నాను కదా. నాకూ తెలియదు.