మలేరియా మందు నుంచి పోలరాయిడ్ దాకా

మిత్రులారా, నమస్కారం. మందు అనగానే మనకు మోతాదు, ధర, సైడ్ ఎఫెక్టులు గుర్తొస్తాయి. అదే మందు స్ఫటికంగా మారితే వెలుతురును ఏం చేస్తుందన్నది ఫార్మసీ విద్యార్థులు కూడా పెద్దగా పట్టించుకోరు. ఇవాళ ఒక్క స్ఫటికం గురించే ఎక్కువసేపు మాట్లాడతాను.

1852. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో విలియం బర్డ్ హెరపత్ అనే డాక్టరు. ఆయన శిష్యుడు, మలేరియా మందు క్వినైన్ పట్టించిన కుక్క మూత్రంలో అయొడిన్ వేస్తే ఆకుపచ్చగా మెరిసే సన్నటి పలుకులు తేలాయి. హెరపత్ వాటిని మైక్రోస్కోప్ కింద పెట్టారు. విడిగా చూస్తే ఒక్కో పలుకులోంచి వెలుతురు బాగానే వస్తోంది. ఒకదాని మీద ఇంకొకటి అడ్డంగా పడ్డచోట మాత్రం నల్లటి మచ్చ!

మామూలు వెలుతురు అన్ని దిక్కుల్లోనూ కంపిస్తుంది. ఈ స్ఫటికంలో క్వినైన్ అణువుల మధ్య సందుల్లో అయొడిన్ గొలుసులు కట్టి ఉంటుంది. గొలుసు వెంబడి కంపించే కాంతిని అది మింగేస్తుంది, అడ్డంగా కంపించేదాన్ని వదిలేస్తుంది. పైన ఇంకో పలుకు అడ్డం పడితే ఆ మిగిలిందీ పోతుంది. ఈ లోపలి అమరిక వివరంగా తేలింది 2009లో!

చిక్కల్లా ఏమిటంటే ఇవి పెద్దగా పెరగవు, పెరిగినా పుటుక్కున విరుగుతాయి. అమెరికాలో ఎడ్విన్ లాండ్ అనే కుర్రాడు అసలు పెంచే ప్రయత్నమే మానేశాడు. కంటికి ఆనని సూదుల్లా చేసి, చిక్కటి ద్రవంలో కలిపి, సన్నటి సందులోంచి నొక్కితే జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు దిగింది. సూదులన్నీ ఒకే దిక్కుకు తిరిగాయి. అలా వచ్చిందే పోలరాయిడ్ షీటు. 1929లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1938 నాటికి క్వినైన్‌ను పక్కనపెట్టి, సాగదీసిన ప్లాస్టిక్‌లో అయొడిన్ ఎక్కించాడు. ఎల్‌సీడీ తెరల్లోని పొర ఆ వంశానిదే.

ఒకే దిక్కున కంపించే కాంతిని మాత్రమే వదిలే ఇలాంటి పొరల్ని పోలరైజర్లు అంటారు. ఇప్పుడు ఆ పోలరైజర్లే మందుల్ని పరీక్షిస్తున్నాయి. హైదరాబాద్ ఫార్మా ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు ఇది తెలిసిందే. అడ్డంగా పెట్టిన రెండు పోలరైజర్ల మధ్య మందు పొడి ఉంచితే స్ఫటికాలు రంగురంగులుగా వెలుగుతాయి, పొడి పెట్టిన మైక్రోస్కోప్ స్టేజీని తిప్పుతుంటే 90 డిగ్రీలకోసారి ఆరిపోతాయి. అమార్ఫస్ పొడి, అంటే అణువులు క్రమం లేకుండా ఉన్న పొడి, ఎటు తిప్పినా చీకటే. అమార్ఫస్ రూపం నీటిలో త్వరగా కరుగుతుంది గానీ, నిల్వలో స్ఫటికంగా మారితే ఆ లాభం పోతుంది. అందుకే ఈ టెన్షనంతా. ఇంకో మాట: మన వంటింటి ఉప్పులాంటి ఘనాకార అమరిక ఉన్న స్ఫటికాలూ అక్కడ చీకటిగానే కనిపిస్తాయి. చీకటి చూసి అమార్ఫస్ అని రాసేయకండి, ఎక్స్‌రే పరీక్ష కూడా చేయించండి.