ఫిజిక్స్ డిగ్రీ తర్వాత దారులు

(హైదరాబాద్‌లోని ఒక డిగ్రీ కళాశాలలో బి.ఎస్సీ. చివరి సంవత్సరం విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు నమస్కారం.

‘ఫిజిక్స్ చదివి ఏం చేస్తావమ్మా, టీచరువవుతావా?’ అని మీలో చాలామందిని చుట్టాలు అడిగే ఉంటారు. బడిపంతులు పని అంటే చులకన, ఫిజిక్స్ అంటే అపోహ, రెండూ ఆ ప్రశ్నలో ఉన్నాయి. నేను ఈ నగరంలోనే ఫిజిక్స్‌లో డిగ్రీ, ఎమ్మెస్సీ చదివి, ఇరవై రెండేళ్లుగా క్యాన్సర్ చికిత్సలో మెడికల్ ఫిజిసిస్టుగా పనిచేస్తున్నాను. అందుకే ముందుగా నా పనిని దగ్గర నుంచి చూపించి, ఆ తర్వాత మిగిలిన దారుల సంగతి చెబుతాను.

రేడియేషన్ చికిత్స చేసే లీనియర్ యాక్సిలరేటర్ సరైన మోతాదు ఇస్తోందో లేదో మేము క్రమం తప్పకుండా కొలుస్తాం. నీళ్లు నింపిన తొట్టిలో నిర్ణీతమైన లోతున, 0.6 ఘనపు సెంటీమీటర్ల గాలి పట్టే అయాన్ చాంబర్‌ను అమర్చి, రేడియేషన్ వల్ల ఆ గాలిలో పుట్టే విద్యుదావేశాన్ని చదువుతాం. ఆ చాంబర్ బయటి గాలికి తెరిచే ఉంటుంది కాబట్టి, అందులో ఎంత గాలి ఉందన్నది ఆ రోజు పీడనాన్ని, ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. ప్రమాణంగా తీసుకునేది 20 డిగ్రీల సెల్సియస్, 1013.25 హెక్టోపాస్కల్. మన హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నందువల్ల ఇక్కడ పీడనం 950 హెక్టోపాస్కల్ దరిదాపుల్లోనే ఉంటుంది. గది 24 డిగ్రీల వద్ద ఉంటే, వచ్చిన రీడింగును దాదాపు 1.08తో గుణించాలి. ఆ గుణకం మరిచిపోయినవారు యంత్రం ఏడెనిమిది శాతం తక్కువ ఇస్తోందని పొరబడి, సరిచేయబోయి, రోగికి ఆ మేరకు ఎక్కువ మోతాదు ఇచ్చేస్తారు. ఇంతా చేసి ఆ గుణకం, ఇంటర్ మొదటి సంవత్సరంలో మీరు రెండు మార్కుల కోసం బట్టీపట్టిన ఆదర్శ వాయు సమీకరణమే.

ఈ వృత్తిలోకి రావాలంటే, ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం నిర్వహించే రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా లాంటి కోర్సు ఒక ఏడాది చదివి, మరొక ఏడాది ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్ చేయాలి. నేరుగా మెడికల్ ఫిజిక్స్‌లోనే ఎమ్మెస్సీ ఇచ్చే విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి.

ఫిజిక్స్ చదివినవారికి ఈ నగరంలో ఉన్నంత చోటు దేశంలో చాలా కొద్ది నగరాల్లోనే ఉంది. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ భూకంప తరంగాలను నమోదు చేస్తుంది. ప్రగతినగర్‌లోని జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో, 2004 సునామీ విషాదం తర్వాత ఏర్పాటై 2007లో మొదలైన హెచ్చరిక కేంద్రం రాత్రింబవళ్లు పనిచేస్తుంది. డీఆర్‌డీవో క్షిపణి ప్రయోగశాలలు, అణు ఇంధన సముదాయం, బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎటూ ఉన్నాయి. పరిశోధన వైపు మనసు ఉంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయం, గోపనపల్లిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ ప్రాంగణం, కందిలోని ఐఐటీ బస్సులో వెళ్లి రాగలిగినంత దూరంలోనే ఉన్నాయి.

అయితే ఈ గుమ్మాలకు గడువులు ఉన్నాయి, ఆ గడువులే నన్ను ఒకసారి దెబ్బతీశాయి. ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఒక శిక్షణకు దరఖాస్తు చేయాలనుకున్నాను. ఆ ప్రకటన నా కంటపడేసరికి గడువు దాటి మూడు రోజులైంది, ఏడాదంతా ట్యూషన్లు చెప్పుకుంటూ గడపవలసి వచ్చింది. అందుకే తేదీల విషయంలో ఇంత పట్టుబడుతున్నాను. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి దారి చూపే జామ్ పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతుంది, దరఖాస్తులు మాత్రం సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే తీసుకుంటారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి కావలసిన సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష దరఖాస్తు గడువు కూడా మీ ఆరో సెమిస్టర్ పరీక్షలకు ముందే ముగిసిపోతుంది. ఉస్మానియా నిర్వహించే పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ మాత్రమే డిగ్రీ పరీక్షలు పూర్తయ్యాక వస్తుంది. ‘పరీక్షలయ్యాక చూద్దాంలే’ అనుకున్నవారికి మిగిలేది ఆ ఒక్కటే. ఉస్మానియాలో చదవడం తక్కువేమీ కాదు, నేను చదివింది అక్కడే. కానీ ఎంచుకుని అక్కడికి వెళ్లడం వేరు, ఇంకేదీ మిగలక వెళ్లడం వేరు.

జామ్‌లోని 60 ప్రశ్నల్లో 20కి ఎంచుకోవడానికి జవాబులే ఇవ్వరు, లెక్క చేసి వచ్చిన సంఖ్యను రాయాలి. మన సెమిస్టర్ పరీక్షల్లో ఉత్పాదనలు (డెరివేషన్లు) కంఠస్థం చేస్తే గట్టెక్కవచ్చు, అక్కడ గట్టెక్కలేరు. కాబట్టి ఈ రోజు నుంచే ఒక అధ్యాయం చదివితే ఇరవై లెక్కలు చేయండి, ప్రతి జవాబుకూ ప్రమాణాలు (యూనిట్లు) సరిపోయాయో లేదో చూసుకోండి. ఆ తర్వాతి మెట్టయిన జాతీయ అర్హత పరీక్ష సీఎస్‌ఐఆర్ నెట్‌లో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ సాధిస్తే నెలకు 37,000 రూపాయలు వస్తాయి. చదువుకుంటూనే ఇంటికి పదో పరకో పంపవలసిన పిల్లలకు ఈ విషయం తప్పక తెలియాలి.

ఇంటి పరిస్థితుల వల్ల డిగ్రీతోనే ఉద్యోగం వెతుక్కోవలసినవారు నిరాశపడనవసరం లేదు. భాభా కేంద్రం బి.ఎస్సీ. వారిని స్టైపెండ్ ఇచ్చి శిక్షణకు తీసుకుంటుంది. డీఆర్‌డీవో సాంకేతిక సహాయకుల నియామకాలకు, వాతావరణ శాఖ సైంటిఫిక్ అసిస్టెంట్ ఉద్యోగాలకు కూడా మన పట్టా చెల్లుతుంది. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవారు పైథాన్‌ను వట్టి కోర్సుగా కాకుండా, లోలకం చలనాన్ని గణించడానికి వాడి నేర్చుకోండి. బి.ఎడ్. చేసి బడిలో భౌతికశాస్త్రం చెప్పాలనుకునేవారికి నా ప్రత్యేక అభినందనలు. నన్ను ఈ సబ్జెక్టు వైపు తిప్పింది తొమ్మిదో తరగతిలో మా మాస్టారు నీళ్ల గ్లాసులో పెన్సిల్ పెట్టి చూపించిన ఐదు నిమిషాల ప్రయోగం.

పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, ఊరు దాటించి పంపడానికి వెనకాడే తల్లిదండ్రులకు ఒక మాట. భౌతిక శాస్త్రవేత్త సూరి భగవంతం గారు నిజాం కళాశాలలో పట్టా పుచ్చుకుని, కలకత్తా వెళ్లి సి.వి. రామన్ గారి దగ్గర పరిశోధన చేశారు. ఆయనే తర్వాత ఈ ఊరికి తిరిగి వచ్చి ఉస్మానియా ఉపకులపతి అయ్యారు.

ఇప్పుడు బల్ల మీద నేను తెచ్చిన బారోమీటరు, ఉష్ణమాపకం, పాత అయాన్ చాంబర్ ఉన్నాయి. ముందుకు వచ్చి ఈ గది పీడనం, ఉష్ణోగ్రత చదివి గుణకం ఎంతో మీరే లెక్కకట్టండి. మొదటి జవాబు రాగానే మీ ప్రశ్నలు తీసుకుంటాను.